కొండ మీద ఎండ, లోయలో మంచు

అనగనగా అని మొదలుపెడతాను గానీ, ఇది మరీ అంత అనగనగా కాదు. పందొమ్మిది వందల డెబ్బై ఒకటో సంవత్సరం, పుష్యమాసం. చలికాలమని పేరే గానీ ఆ వారం ఏ కాలమో ఎవరికీ అంతుపట్టలేదు. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ, సాయంత్రానికి చినుకు. మర్నాడు అంతా తలకిందులు. ఆకాశానికి కూడా ఒక మాట మీద నిలబడే బుద్ధి ఉండాలి కదే పాపా. దానికి లేదు. ఈ కథలో మనుషులకేమో ఆ బుద్ధి మరీ ఎక్కువ. అదీ తంటా.

ఒక లోయ. ఆ లోయలో వెదురుపుట్టు అని ఒక ఊరు. ఆ ఊళ్ళో సుక్రమ్మ అని ఒక ఆవిడ. శుక్రవారం పుట్టింది కాబట్టి సుక్రమ్మ. మొగుడు పోయాడు, పిల్లలు లేరు. ఆమెకి రెండు మడిచెక్కలు, ఒక పాక, ఒక నోరు ఉండేవి. ఆ నోరు రెండు మడిచెక్కల కంటే పెద్దది.

లోయ పక్కనే కొండ. కొండ మీద గుమ్మిగుడ అని ఇంకో ఊరు. అక్కడ సుక్రమ్మ తమ్ముడు గాసి ఉండేవాడు. గాసికి పెళ్ళాం, రాగులు పండే ఒక చోడి చేను, రెండెద్దులు. నల్ల ఎద్దు పేరు కర్రోడు. గోధుమరంగు ఎద్దు పేరు పుల్లోడు. కొండ దిగడానికి రెండు గంటలు, ఎక్కడానికి మూడు గంటలు. దారి మధ్యలో ఒక గెడ్డ పారుతుంది. దాన్ని దాటాలంటే నున్నటి రాళ్ళ మీద అడుగులు వెయ్యాలి.

ఏటా కోతలయ్యాక గాసి ఎద్దులను కిందికి తోలుకొచ్చేవాడు. అప్ప కళ్ళంలో, అప్పంటే అక్కే, వరి పనలు పరిచేవాడు. వాటి మీద ఎద్దులను గుండ్రంగా తిప్పి తొక్కించి, వడ్లు రాల్చి ఇచ్చేవాడు. ఒక్క రోజు పని. మంచి ఎండ ఉన్న ఒక్క రోజు. అంతకంటే ఎక్కువ ఎవరూ అడగలేదు.

అయితే ఆ కొండల్లో అప్పట్లో ఒక వాడుక ఉండేది. ఆడపడుచు ఇంట మూడు రాత్రులు కట్టేసిన పశువు ఇక ఆ ఇంటిదే. పుట్టింటివాళ్ళు మళ్ళీ అడగకూడదు. గాసి తాత అలాగే ఒక పాడావును పోగొట్టుకున్నాడట. అందుకని గాసి ఎద్దులు పొద్దున దిగేవి, చీకటి పడేలోగా కొండెక్కేవి. ఒక్క రాత్రి కూడా అప్ప పాకలో పడుకునేవి కావు.

“ఒక్క రాత్రి ఉంచితే ఏటవుతుందిరా?” అనేది సుక్రమ్మ.

“ఒకటి రెండవుద్ది. రెండు మూడవుద్ది. నాకు తెలీదేటి?” అనేవాడు గాసి.

“నీ ఎద్దులు నాకెందుకురా! వాటికి గడ్డి నీ పెళ్ళాం వచ్చి కోస్తుందా?”

“వాడుక వాడుకే అప్పా.”

ఇదీ ఆ అక్కాతమ్ముళ్ళ సంగతి. నువ్వూ మీ తమ్ముడూ రేగుపళ్ళ దగ్గర కొట్టుకున్నట్టే.

ఆ ఏడాది సుక్రమ్మ వరి కోసి కుప్ప వేసింది. పన్నెండు గంపల వడ్లు వస్తాయి అందులో. ఏడాది పొడుగునా తిండి అదే, వచ్చే ఏడాదికి విత్తనమూ అదే. కుప్ప వేసిన మర్నాడే ముసురు పట్టింది. రెండు రోజులు పట్టి, మూడో రోజు వదిలింది. ఆ ఆదివారం సాయంత్రం సుక్రమ్మ కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. లోపల వెచ్చగా తగిలింది.

చలికాలంలో కుప్ప వెచ్చగా ఉంటే మంచిది కాదే పాపా. లోపల తడి ఉడుకుతోందన్నమాట. ఇంకో వారం ఆగితే వడ్లు పనల మీదే మొలకెత్తుతాయి. మొలకెత్తినవి తిండికీ రావు, విత్తనానికీ రావు. ఊళ్ళో వేరే ఎద్దులు లేవా అంటావేమో. ఉన్నాయి. అందరి కుప్పలూ తడిసినవే, ఎవరి ఎద్దులు వాళ్ళ కళ్ళాల్లోనే ఉన్నాయి. అందుకని సుక్రమ్మ కొండకి కబురు పంపింది. ఎండ కాసిన రోజున వెంటనే దిగమంది.

సోమవారం తెల్లారేసరికి గుమ్మిగుడలో ఎండ ఫెళ్ళున కాసింది. కింద లోయంతా మంచు, గిన్నెలో జున్నులాగ గడ్డకట్టి ఉంది.

“కింద మంచుందయ్యా,” అంది గాసి పెళ్ళాం.

“నేను దిగేలోగా పోద్ది,” అన్నాడు గాసి.

దిగాడు. మంచు పోలేదు. మిట్టమధ్యాహ్నమైనా పోలేదు. ఎద్దుల కొమ్ముల చివర నీళ్ళు చుక్కలు చుక్కలుగా కారుతున్నాయి. కళ్ళంలో నేల చెమ్మగా ఉంది.

“ఎక్కడ్రా ఎండ?” అని అరిచింది సుక్రమ్మ.

“పైన ఉంది.”

“పైన ఉంటే పైనే నూర్చు! నా కుప్ప నెత్తిన పెట్టుకుని పో!”

గాసి వెనుదిరిగాడు. చీకటి పడకుండా ఎద్దులను తోలుకుని మూడు గంటలు కొండెక్కాడు. పైన ఇంకా ఎండ ఉంది. దానికేం సిగ్గు?

ఆ తర్వాత మంగళవారం వచ్చింది. ఆ పొద్దున లోయలో ఎండ, కొండ మీద మంచు. గాసికి తన పశువుల పాకే కనబడలేదు. “ఇక్కడే ఇలా ఉంటే లోయలో ఇంకెలా ఉందో” అనుకున్నాడు. కంబళి కప్పుకుని, వేడి వేడి చోడి అంబలి తాగి, పొయ్యి పక్కన కూర్చున్నాడు.

కింద సుక్రమ్మ సగం కుప్ప విప్పి పనలన్నీ కళ్ళంలో పరిచేసింది. నడుం మీద చేతులు పెట్టుకుని కొండ వైపు చూసింది. కొండ తల మబ్బులో ఉంది. తమ్ముడి తల కంబళిలో ఉంది. సాయంత్రానికి చినుకు మొదలైంది. సుక్రమ్మ ఒక్కతే పరుగులు పెట్టి పనలన్నీ మళ్ళీ కుప్ప వేసింది. తడిసినవీ ఆరినవీ కలిసిపోయాయి. ఆ సాయంత్రం ఆమె తమ్ముణ్ణి తిట్టిన తిట్లు నీకు చెప్పను. పెద్దయ్యాక నువ్వే నేర్చుకుంటావు.

బుధవారం రోజంతా చినుకే. ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు. కుప్ప మాత్రం ఇంకాస్త వేడెక్కింది.

గురువారం పైనా కిందా తెరిపిచ్చింది. గాసి సంతోషంగా బయలుదేరాడు. సరిగ్గా గెడ్డ దాటేసరికి గాలి లేచింది. గాలి వెనకే వడగళ్ళు పడ్డాయి. రేగుపండంత వడగళ్ళు! గాసి రెండెద్దుల మధ్య తల దాచుకుంటూ కళ్ళానికి చేరాడు. సుక్రమ్మ కుప్ప మీద తాటాకు చాపలు కప్పి, గాలికి ఎగిరిపోకుండా వాటి మీద తనే కూర్చుని ఉంది. కుప్ప మీద కోడిపెట్టలాగ.

“ఒరే గాసీ,” అంది, ఆ రోజు అరవకుండానే. “ఇవాళ ఉండిపోరా. రేపు ఇక్కడ ఎండ వస్తే ఎద్దులు ఇక్కడే ఉంటాయి. నా గింజలు పోతున్నాయిరా.”

 అప్పుడు పొరుగింటి లచ్చన్న కలగజేసుకున్నాడు. ఆయనకి అందరి గొడవలూ కావాలి.

“బావా, నీకు భయమైతే ఒక ఉపాయం చెప్తా. రెండు రాత్రులు ఉంచు. మూడో రాత్రి ఎద్దుల్ని గెడ్డ అవతలికి తోలి, తెల్లారాక మళ్ళీ తోలుకురా. లెక్క తెగిపోద్ది.”

“అది మోసం,” అన్నాడు గాసి.

“అయితే ఎద్దుల్ని ఉంచు.”

“ఉంచను.”

విన్నావా పాపా? ఎద్దులను ఉంచడట. మోసమూ చెయ్యడట. మరేం చేస్తాడు? కొండెక్కుతాడు. వడగళ్ళు కరిగి దారంతా బురద. ఎద్దుల గిట్టలు జారుతున్నాయి. ఎక్కేసరికి పుల్లోడి ముందు కాలు చీలమండ దగ్గర వాచింది.

“అమ్మమ్మా, వాడికి బుద్ధి లేదా?” అంటావు. నేనూ మా అమ్మమ్మని అదే అడిగాను. పడుకుని విను.

ఆ తర్వాత శుక్రవారం. తెల్లారేసరికి గడ్డి మీద మంచు గట్టిపడి ఉప్పు చల్లినట్టు మెరిసింది. పొద్దెక్కాక అదంతా కరిగింది. అప్పుడు ఎండ వచ్చింది చూడు! కొండ మీద ఎండ, లోయలో ఎండ, గెడ్డ మీద ఎండ. ఆ వారంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అన్నిచోట్లా ఎండ కాసిన రోజు అదొక్కటే.

ఆ రోజు ఎద్దులు లేవలేదు.

గాసి కర్రోడి తోక మెలిపెట్టాడు. పుల్లోడి ముందు ఉలవలు పెట్టాడు. బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. నాలుగు రోజుల్లో రెండుసార్లు కొండ దిగి, రెండుసార్లు ఎక్కిన ఎద్దులు. పనేమీ చెయ్యలేదు, నడకే. అవి మోకాళ్ళు మడిచి నెమరు వేస్తూ అతని మొహం చూశాయి. కింద సుక్రమ్మ పనలు పరిచి, సాయంత్రం దాకా చూసి, ఎత్తేసింది. కుప్ప అడుగున వేలితో గీరి చూస్తే ఒక గింజకి తెల్లటి ముక్కు వచ్చి ఉంది.

శనివారం మళ్ళీ మంచు, మంచుతో పాటు తుంపర. బుద్ధున్నవాడెవడూ ఆ రోజు గడప దాటడు. గాసి దాటాడు.

“ఇవాళ ఎందుకయ్యా? పుల్లోడు కుంటుతున్నాడు,” అంది పెళ్ళాం.

“నిన్న అప్పకి మాట తప్పాను. ఇవాళ దిగుతాను.”

రావలసిన రోజు రాలేదు, రాకూడని రోజు బయలుదేరాడు. గెడ్డలో నీళ్ళు పెరిగి ఉన్నాయి. కర్రోడు దాటాడు. పుల్లోడు నడిమి రాయి మీద వాచిన కాలు మోపాడు. కాలు జారింది. రెండు రాళ్ళ మధ్య పడ్డాడు, మూతి నీళ్ళలో మునిగింది. గాసి వాడి మెడ కింద భుజం పెట్టి లేపబోయాడు. లేవలేదు. మళ్ళీ పెట్టాడు, లేవలేదు. మూడోసారి పెట్టేసరికి పుల్లోడు ఊపిరి వదిలేశాడు.

గాసి ఒక్క ఎద్దుతో కళ్ళానికి వచ్చాడు. సుక్రమ్మ తిట్టడానికి నోరు తెరిచింది. ఒక్క ఎద్దును చూసి ఆ నోరు మూసుకుంది.

“రెండోదేదిరా?”

“గెడ్డలో.”

 సుక్రమ్మ లోపలికి వెళ్ళి కంబళి తెచ్చి తమ్ముడి మీద కప్పింది.

ఆ సాయంత్రం గాసి కర్రోణ్ణి కొండకి తోలబోయాడు. కర్రోడు గెడ్డ దారి మొదట్లోనే ఆగిపోయాడు. ముందుకి లాగితే వెనక్కి లాగాడు. అప్పుడు గాసి వాణ్ణి వెనక్కి తెచ్చి అప్ప పాకలో కట్టేశాడు.

ఆదివారం ఎండ వచ్చింది. ఒక్క ఎద్దు తొక్కితే కుప్ప ఎప్పటికి తెమలాలి? గాసి కాడి రెండో కొస తన భుజానికి ఎత్తుకున్నాడు. కర్రోడి పక్కన తనూ ఎద్దులాగ తిరిగాడు. వెనకాల సుక్రమ్మ కర్ర పట్టుకుని తోలింది.

“అటు కాదురా, ఇటు! కర్రోడే నయం, తిరగమంటే తిరుగుతున్నాడు!”

“నా కాలు పట్టీసింది అప్పా.”

“పట్టనీ. నాలుగు కాళ్ళున్నవాణ్ణి పోగొట్టావు, రెండు కాళ్ళతో తొక్కు!”

అని, తనే కర్ర పారేసి వచ్చి, కాడి కింద తమ్ముడి పక్కన నిలబడింది. ముగ్గురూ తిరిగారు. ఆ రోజు అవలేదు. కర్రోడు రాత్రికి పాకలోనే ఉన్నాడు. సోమవారమూ తిరిగారు. పొద్దు వాలేసరికి అయింది. చాటలతో చెరిగి, మంచివి ఒక పక్కకి, మొలకలు వచ్చినవి ఒక పక్కకి పోశారు. మొలకల రాశి పెద్దదిగా ఉంది. ఆ రాత్రీ కర్రోడు పాకలోనే ఉన్నాడు.

మంగళవారం పొద్దున సుక్రమ్మ కర్రోడి పలుపు విప్పి తమ్ముడి చేతిలో పెట్టింది.

“తీసుకుపో. ఇవాళ గెడ్డ తగ్గింది, మెల్లిగా దాటిస్తే దాటుతాడు.”

“మూడు రాత్రులయ్యాయి అప్పా.”

“ఒరే! నేను లెక్కపెట్టానేటిరా?”

“నేను పెట్టాను.”

తిట్టింది. ఏడిచింది. పలుపు అతని మొహాన కొట్టింది. లచ్చన్న వచ్చి గెడ్డ ఉపాయం మళ్ళీ చెప్పబోతే అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి ఆయన్ని తరిమేశారు. ఎంత చెప్పినా గాసి పలుపు పట్టుకోలేదు. ఉత్త కాడి భుజాన వేసుకుని కొండెక్కిపోయాడు. ఆ రోజు కొండ మీదా లోయలోనూ ఎండ కాసింది. ఆ తర్వాత నెల రోజులు కాస్తూనే ఉంది.

ఆ తొలకరికి గుమ్మిగుడలో గాసీ అతని పెళ్ళామూ చోడి చేనంతా పారలతో తవ్వారు.

కొండ ఎద్దొకటి రాళ్ళ పాలు,
ఇంకొకటి అప్ప పాక పాలు.
పన్నెండు గంపల్లో ఏడు మొలకల పాలు,
ఐదే మిగిలాయి మనుషుల పాలు.
కథ కంచి దారి పట్టింది, నువ్వు కంబళి దారి పట్టు.