తేలికైన సైకిలు, కాటాకెక్కిన పెళ్ళికొడుకు

మా పక్కింటి అచ్చియ్యమ్మ కుటుంబానికి ఉన్నంత తెలివి ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదట. నేననడం లేదు తల్లీ, వాళ్ళే చెప్పుకుంటారు. పొద్దున్నే గోడ మీదుగా తల పెట్టి, "మా ఆయన పోతూ పోతూ తెలివంతా మాకే వదిలేసి పోయాడు పిన్నీ" అంటుంది. నిజమే కాబోలు. ఆయన వాడిన గుర్తులు మాత్రం నాకెప్పుడూ కనపడలేదు.

పెద్దకొడుకు గవర్రాజు, తాడిచెట్టంత మనిషి. చిన్నకొడుకు బుల్లెయ్య, పొట్టివాడు. కొండ కింద మా ఊళ్ళో వాళ్ళది బెల్లం వ్యాపారం. తల్లీ పెద్దకొడుకూ ఓ వెదురు బొంగు చెరో భుజాన పెట్టుకుంటారు. బొంగు మధ్యలో కాటా వేలాడుతుంది. కాటా కొక్కేనికి బెల్లం గోనె తగిలిస్తే, బుల్లెయ్య ముల్లు చూసి కేకేస్తాడు. గోనెసంచి బరువు తరుగు కింద తీసేస్తారు. వాళ్ళకొచ్చిన విద్య అదొక్కటే. ఆఖరికి దువ్వెన కొన్నా సరే, కాటాకెక్కకుండా ఇంట్లోకి రాదు.

ఒకసారి సంతలో నీలవేణి అనే అమ్మాయి బెల్లం దిమ్మ కొనబోతే, మన బుల్లెయ్య, "అది తీసుకోకండి, లోపల ఇసకుంది, మేమే చూసుకోలేదు" అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. అంతే. అప్పట్నుంచి వీడికి నిద్ర లేదు. పెళ్ళంటూ చేసుకుంటే ఆ పిల్లనే అని కూర్చున్నాడు.

నీలవేణి తండ్రి సోమినాయుడు కొండమీద ఉంటాడు. టౌను కుర్రాళ్ళని అడవి దారుల్లో సైకిళ్ళ మీద తిప్పడం ఆయన పని. అచ్చియ్యమ్మ సంబంధం అడగబోతే ఆయన తెగేసి చెప్పాడు. "నా అల్లుడు నా పని అందుకోవాలి. కొండ దారికి పనికొచ్చే ఎలక్ట్రిక్ సైకిలు కొనుక్కోమను. తేలికది చూసుకోమను. బరువుది కొంటే రాళ్ళ దగ్గర మోయలేక చస్తాడు. ఆదివారం భోజనాల వేళకి సైకిలు మీద నా గుమ్మం ముందుకి వచ్చాడా, పిల్లనిస్తా. లేదా, సోమవారం వేరేవాళ్ళకి తాంబూలాలు ఇచ్చేస్తా."

ఇంకేముంది, బొంగూ కాటా పట్టుకుని టౌనుకి బయల్దేరారు. మా మనవడికి మూడు చక్రాల బండి చూడాలని నేనూ ఆటో ఎక్కాను. ఎక్కకపోతే బాగుండేది.

సైకిళ్ళ షాపు కుర్రాడు పాపం మర్యాదస్తుడు. "ఇది కార్బన్ ఫ్రేమమ్మా. చిన్న మోటారు, చిన్న బ్యాటరీ, అందుకే తేలిక. రాళ్ళ మీద కుదుపు తెలీకుండా ముందు షాకులున్నాయి. టైర్లకి బొడిపెలున్నాయి, మట్టిలో జారవు" అని ఓపిగ్గా చెప్పాడు.

"తేలికని నోటితో అంటే ఎలా బాబూ?" అంది అచ్చియ్యమ్మ.

"బరువు కాగితం మీద రాసుంది కదమ్మా."

"రాసింది మీరు. తూచేది మేం."

తల్లీ కొడుకూ బొంగు భుజాన వేసుకున్నారు. షాపులో ఉన్న సైకిళ్ళన్నీ ఒక్కొక్కటీ కొక్కేనికి వేలాడాయి. బుల్లెయ్య కేకలు. రోడ్డు మీద జనం. చివరికి అన్నిట్లోకీ తేలికైంది తేలింది. అచ్చియ్యమ్మకి అప్పటికీ తృప్తి లేదు. "ఇందులో అసలు సైకిలెంత, తరుగెంత?" అంది.

"సైకిల్లో తరుగేంటమ్మా!" అని కుర్రాడు నోరెళ్ళబెట్టాడు.

"పోన్లే, ఇంటికెళ్ళి మేమే తీసుకుంటాం."

"ముందు అబ్బాయిని ఎక్కి చూడనివ్వండి. కూర్చుంటే మునివేళ్ళు నేలకి అందాలి" అన్నాడు కుర్రాడు.

"పెద్దవాడుండగా చిన్నవాడెక్కడమేంటి?" అని గవర్రాజు ఎక్కి కూర్చున్నాడు. "అందాయమ్మా! కొనెయ్!"

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, తొక్కేది వాడు కదరా?" అన్నాను.

"అందినవి మా ఇంటి కాళ్ళేగా అమ్మమ్మా" అన్నాడు.

పంపించేటప్పుడు ఆ కుర్రాడు మంచి మనసుతో నాలుగు ముక్కలు చెప్పాడు. అదే కొంప ముంచింది. "సైకిలు తేలికైతే చాలదమ్మా, ఎక్కేవాడూ తేలిగ్గా ఉండాలి. బ్యాటరీలో శక్తి అయిపోతే ఛార్జింగ్ పెట్టండి. ఎండ తగలనివ్వకండి, తడవనివ్వకండి, బిడ్డలా చూసుకోండి. మోటారే అంతా చేసేస్తుందనుకోకండి. కొండెక్కేటప్పుడు మీకు సాయం చేస్తుంది, అంతే."

ఎక్కేవాడు తేలిగ్గా ఉండాలన్నాడా? అంతే. బుల్లెయ్యకి అన్నం బంద్. రోజూ కాటాకి వేలాడదీసి చూడ్డం, ముల్లు కదల్లేదని తిట్టడం. చివరికి గవర్రాజుకి తళుక్కున తట్టింది. "అమ్మా, జుట్టు తరుగే కదే!" ఇంకేముంది, మంగలిని పిలిచి నున్నగా గుండు కొట్టించారు. పెళ్ళిచూపులకి వెళ్ళేవాడికి! కనుబొమల దాకా కూడా వచ్చారు గానీ, నేను గోడ దూకినంత పని చేసి ఆపాను.

బిడ్డలా చూసుకోమన్నాడా? బ్యాటరీకి ఉయ్యాల కట్టారు. దిష్టి చుక్క పెట్టారు. సాయంత్రమైతే సాంబ్రాణి పొగ. ఛార్జరు తీగ తగిలించినప్పుడల్లా అచ్చియ్యమ్మ వీధిలోకొచ్చి, "గోల చెయ్యకండర్రా, పాలు తాగుతోంది" అని పిల్లల్ని తరిమేది.

ఆదివారం పొద్దున కొండ కింద తరుగు తీయడం మొదలెట్టారు. లైటు తీసేశారు. "ఎక్కడానికి బ్రేకులెందుకు?" అని బ్రేకులు పీకేశారు. బ్యాటరీ ఎలాగూ చంటిది, ఎండ తగలకూడదని అచ్చియ్యమ్మ కొంగుతో జోలె కట్టి గుండెకి చుట్టుకుంది. బుల్లెయ్య ఎక్కితే కాళ్ళు పెడళ్ళకి అందలేదు. వంగి చేత్తో మోటారు మీట నొక్కాడు. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"సాయం చెయ్యట్లేదన్నయ్యా!"

"కొత్త కదరా, సిగ్గు. దాని సాయం మనం తీసుకోవడమేనా, మనం దానికి సాయం చెయ్యొద్దూ?" అన్నాడు గవర్రాజు. "ఎత్తుకో!"

అంతే, సైకిలు బుల్లెయ్య గుండు మీదికెక్కింది. రాళ్ళూ, ముళ్ళూ, మలుపులూ. వారం నుంచి తిండి లేనివాడు తూలుతూ ఎక్కుతున్నాడు. "చూశావా, తేలికది కొనడం ఎంత మంచిదైందో! బరువుదైతే మోయగలిగేవాళ్ళమా?" అని తల్లి మురిసిపోతోంది.

సోమినాయుడు ఇల్లు కనపడే మలుపు దగ్గర బుల్లెయ్య ఠక్కున ఆగిపోయాడు. "అమ్మా, సైకిలు మీద రమ్మన్నాడు కదే! ఇప్పుడు సైకిలే నా మీదుంది!" అంటూ ఏడుపందుకున్నాడు. లోపల్నుంచి విస్తళ్ళు వేస్తున్న చప్పుడు వినపడుతోంది. పిల్ల చేజారిపోతుందని వాడు ఇంకా గట్టిగా ఏడ్చాడు.

గవర్రాజు బొంగు దించాడు. అచ్చియ్యమ్మ కాటా తగిలించింది. కొక్కేనికి సైకిలు, సైకిలు మీద బుల్లెయ్య. ముందు అన్న, వెనక గుండెకి బ్యాటరీ కట్టుకున్న తల్లి. బుల్లెయ్య టింగుటింగుమని బెల్లు కొడుతుంటే గాల్లో ఊగుతూ గుమ్మం ముందుకొచ్చారు. సైకిలు చక్రం నేలకి తగిలితే ఒట్టు.

టౌను కుర్రాళ్ళు చేతుల్లో విస్తళ్ళతో అలాగే నిలబడిపోయారు. సోమినాయుడు మొహం కందగడ్డైంది. "ఇదేం రావడంరా? బ్రేకులేవి? బ్యాటరీ ఏది? ఆ గుండేంటి?"

"గుండు తరుగండి, బ్యాటరీ పడుకుందండి" అన్నాడు బుల్లెయ్య, కళ్ళనీళ్ళతోనే. "నాకు తొక్కడం రాదండి. కాళ్ళు కూడా అందవు. మోసుకొచ్చాం. కానీ వచ్చానండి."

"పోండి బయటికి!" అని ఆయన అరవబోతుంటే నీలవేణి గుమ్మంలోకొచ్చింది. అప్పటికే నవ్వీ నవ్వీ దాని కళ్ళు తడిసిపోయాయి. దారిలో సంగతులు బుల్లెయ్యా, ఇక్కడి సంగతులు అదీ తర్వాత నాకు స్వయంగా చెప్పారు.

"నాన్నా, సైకిలు మీద రమ్మన్నావు. వచ్చాడు. తొక్కుకుంటూ రమ్మన్నావా?"

"అది కాదే..."

"తొక్కడం నేను నేర్పుతా. ఇతనికి అబద్ధం ఆడడం రాదు, అది ఎవరూ నేర్పకుండా ఉంటే చాలు. కొడుకు ఏడుస్తున్నాడని కొండమీద భుజాన మోసే అత్తగారు నాకింకెక్కడ దొరుకుతుంది?"

సోమినాయుడు తల గోక్కుని, ఇంకో విస్తరి వెయ్యమన్నాడు. బుల్లెయ్య తిన్న తిండి చూసి అచ్చియ్యమ్మ మాత్రం, "ముల్లు పెరిగిపోతుందిరా" అని గోల పెట్టింది.

పెళ్ళైంది. అప్పగింతలప్పుడు సోమినాయుడు కూతురి చెయ్యి అచ్చియ్యమ్మ చేతిలో పెట్టి, "బిడ్డలా చూసుకోండమ్మా" అన్నాడు. అచ్చియ్యమ్మ మొహం వెలిగిపోయింది. "అది మాకు బాగా అలవాటే అన్నయ్యగారూ, మీరేం బెంగ పెట్టుకోకండి" అంది.

కొండ దిగి ఇంటికొచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. కొత్తకోడలికి ఎండ తగలకుండా దుప్పటి కప్పి తీసుకొచ్చారు. దిష్టి చుక్క పెట్టారు, సాంబ్రాణి వేశారు. ఉయ్యాల్లో కూర్చోమంటే, పెద్దావిడ మాట కాదనలేక ముడుచుకుని కూర్చుంది. నేను గోడ మీద నుంచి చూస్తూనే ఉన్నాను. పాపం కొండంతా నడిచొచ్చిన పిల్ల, వెనక్కి వాలి, "అబ్బ, ఒంట్లో శక్తంతా అయిపోయింది అత్తయ్యా" అంది.

"అయ్యో, అయిపోయిందా తల్లీ! ఒరేయ్ పెద్దోడా!"

గవర్రాజు లోపల్నుంచి ఛార్జరు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. ఉయ్యాల చుట్టూ తిరిగాడు. దుప్పటి అంచు ఎత్తి చూశాడు. తీగ పట్టుకుని బుల్లెయ్య వైపు తిరిగి మెల్లగా అన్నాడు, "తమ్ముడూ, మరదలికి తీగ ఎక్కడ గుచ్చాలో పెళ్ళిలో ఎవర్నైనా అడిగావా?"