చిన్నేరు దారినపోయేవాళ్లను ఎందుకు తడుపుతుంది

నేను ఇంతవరకు ఏదీ రాసి ఎరగను. పిల్లలకు నోటితో చెప్పే కథే ఇది. చెప్పినట్టే రాస్తున్నాను.

ఒకప్పుడు కొండవాగులన్నీ మెల్లగా పాకేవే తప్ప, దూకడం ఒక్కదానికీ తెలీదు. అందులో చిన్నేరు మరీ బిడియస్తురాలు. దట్టమైన అడవిలో ఆకుల చాటునే పారేది. కొండ అంచుదాకా వచ్చి, కిందికి తొంగిచూసి, గుండె ఝల్లుమని, బండ సందులోంచి అవతలి లోయలోకి జారుకునేది.

కింద దారి. దారి పక్కన నాలుగు గుడిసెలు. పొద్దు వాలితే అక్కడి ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని, వరసకట్టి థింసా ఆడేవారు. డప్పు మోగితే చాలు, చిన్నేరు ఒళ్లు పులకరించేది. రోజూ అంచున కూర్చుని చూసేది. దానికి అదే పండగ.

ఒక ఎండాకాలం దారిపక్క ఊట ఎండిపోయింది. బిందె ముంచితే బురదే.

"రేపు పొద్దున్నే మూటలు కట్టండే. నీళ్లున్న చోటికి పోదాం. ఈ కొండ కింద ఇదే మన ఆఖరాట" అంది పెద్దావిడ గాసమ్మ.

చిన్నేరు గుండెలో రాయి పడింది.

ఆ ఆఖరాటకీ గాసమ్మ కొత్తకోడలు సుక్రి రాకుండా దూరంగా నిలబడింది.

"నాకు రాదత్తా. కాలు తప్పితే అందరూ నవ్వుతారు."

"నవ్వితే పళ్లు కనిపిస్తాయి, పోయేదేటి? ఒక్కదానివే ఆడితే కదే పడడం! ఇటు నా నడుం పట్టుకో, అటు ఆ పక్కదాని నడుం పట్టుకో. అప్పుడెలా పడతావో నేనూ చూస్తా!"

సుక్రి పట్టుకుంది. అడుగు తప్పింది. అయినా పడలేదు! వరసే దాన్ని మోసుకుపోయింది.

పైనుంచి చిన్నేరు రెప్ప వెయ్యకుండా చూసింది.

తెల్లారింది. మూటలు నెత్తికెక్కాయి. చిన్నేరు అడవంతా పరుగుపెట్టి, ఆకుల కింద నక్కిన పిల్లకాలవల్ని లేపింది.

"రండర్రా అమ్మలూ! ఒకరి నడుం ఒకరు పట్టుకోండి!"

అంచున ఉన్న బండతాత పకపకా నవ్వాడు. "ఏటే, నువ్వు దూకుతావా? నీ నీడ చూస్తే నీకే భయం. నడుం ఇరిగిపోద్ది!"

"నా పక్కన ఇంతమంది ఉన్నారు. తప్పుకో తాతా!"

దూకేశారు! తాత నెత్తిమీంచే దూకేశారు! కొండ దద్దరిల్లింది. కోతులు కొమ్మలు వదిలి పారిపోయాయి. తెల్లటి నురగతో చిన్నేరు దారిపక్కకి దిగింది.

అప్పటికే ఆడవాళ్లు మలుపు తిరుగుతున్నారు. పిలుద్దామంటే వాళ్ల పేర్లకి నోరు తిరగదు. చిన్నేరు దోసిళ్లకొద్దీ నీళ్లు ఎత్తి విసిరింది. గాసమ్మ వీపు తడిసింది.

"ఎవర్తే అది?" అని తిరిగి, నోరు తెరిచింది. ఆ నోట్లోనూ నీళ్లే పడ్డాయి. తియ్యటి నీళ్లు!

"దించండే మూటలు!" అని కొండంత కేక పెట్టింది.

మూటలు దిగాయి. పొద్దున్నే డప్పు మోగింది. సుక్రి అందరికంటే ముందు నీళ్లకింద నిలబడి చేతులు చాచింది. ఆ ఊరు ఇంకెక్కడికీ పోలేదు.

అప్పటినుంచే కొండ జలపాతాలు పాయలు పాయలుగా, ఒకదాని నడుం ఒకటి పట్టుకుని దూకుతున్నాయి. దారిన ఎవరు పోతున్నా తుంపర చల్లి ఆపుతున్నాయి.