అక్షరాలు అరిగిన జపాను కత్తి

నల్లమడుగు రాజావారికి గడ్డం సరిగ్గా మొలిచేది కాదు. అందుకే కాబోలు, ఆయనకు క్షౌరం కత్తుల మీద అంత మోజు! మామూలు కత్తులు పనికిరావు. పాతకాలపు జపాను కత్తులే కావాలి. మడిచే రకం కాకూడదు, పిడికి బెత్తపునార చుట్టి ఉండాలి, ఉక్కు మీద చేసినవాడి పేరు చెక్కి ఉండాలి. వాటికి అద్దాల బీరువా, పట్టుమెత్తలు, ఇద్దరు కాపలా భటులు. ఊళ్ళో బడికి కప్పు లేకపోయినా కత్తులకు మేడ కట్టిన ప్రభువని జనం పొగిడేవారు, చాటుగా.

ఏది అసలో ఏది నకిలీయో తేల్చడానికి పురుషోత్తం పంతులుగారు ఉండేవారు. జపాను చూసొచ్చానని ఆయన చెప్పుకునేవారు. గిట్టనివాళ్ళు మాత్రం రంగూను రేవులోనే తిరుగు ఓడ ఎక్కేశాడనేవారు. కత్తిని గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఆయన ఏం చెబితే రాజావారికి అదే వేదం.

ఒకనాడు బీరువాలోని పెద్ద కత్తి మీద అక్షరాలు కనబడలేదు.

"మార్చేశాడు ప్రభూ! కత్తులు తోమే సింగన్న అసలుది అమ్ముకుని ఈ నకిలీ పెట్టాడు" అన్నారు పంతులుగారు.

దివాణపు క్షురకుడు సింగన్న చేతులు జోడించాడు. "తళతళలాడాలని ఏలినవారు సెలవిస్తే వారం వారం ఇటుకపొడితో తోముతున్నాను దొరా. అక్షరాలు అరిగిపోయాయి. నా పిల్లల మీద ఒట్టు!"

"జపాను ఉక్కు అరుగుతుందా? నాకే పాఠం చెబుతున్నాడు!" అన్నారు పంతులుగారు.

రాజావారు మండిపడ్డారు. తప్పు తన ఆజ్ఞలో ఉందేమోనని తోచినప్పుడు ఏ ప్రభువుకైనా వచ్చే కోపమే అది. "రేపు సభలో అసలు కత్తి నా ముందుండాలి. లేదంటే మాన్యం వదిలి ఊరు దాటు" అన్నారు.

ఇదంతా చెన్నప్ప విన్నాడు. రాజావారి ఆకువక్కల సంచి మోయడం, అడిగినప్పుడు చుట్ట అంటించడం అతని కొలువు. కత్తుల సంగతి అతనికి బొత్తిగా తెలియదు. పంతులుగారికీ తెలియదని మాత్రం బాగా తెలుసు.

సింగన్న ఇంటికి వెళితే అతని భార్య అప్పుడే గిన్నెలు మూట కడుతోంది. చెన్నప్ప ఆ మూట విప్పమన్నాడు. సింగన్నను ఏదో అడిగి తీసుకుని, తిన్నగా కంసాలి వీధికి నడిచాడు.

మర్నాడు ఎర్రపట్టు పరిచిన పళ్ళెంలో ఒక కత్తి పెట్టుకుని సభకు వచ్చాడు. "ఇదేదో పంతులుగారే తేల్చాలి ప్రభూ."

పంతులుగారు మీటారు. విన్నారు. కళ్ళు మూసి తెరిచి, తడి తుడుచుకున్నారు. "ఆహా, అదే నాదం! ఈ అక్షరాలు చూశారా? ఒసాకా మహాశిల్పి తన చేత్తో చెక్కుకున్న పేరు. పోయిన కత్తి ఇదే!"

"ఆ పేరు ఇంకెక్కడైనా ఉంటుందేమో పంతులుగారూ?" అన్నాడు చెన్నప్ప అమాయకంగా.

"లోకంలో ఇంకెక్కడా ఉండదు! ఉంటే నా కాశ్మీరు శాలువ తీసి నీకే కప్పుతాను."

రాజావారికి ఆనందం పట్టలేదు. "చెన్నా, చుట్ట!"

చెన్నప్ప చుట్ట అందించాడు. పుల్ల గీసి అంటించి, అగ్గిపెట్టెను పళ్ళెంలో కత్తి పక్కనే పెట్టాడు. సంతలో దొరికే జపాను అగ్గిపెట్టె అది. రాజావారు పెట్టెను చూశారు, కత్తిని చూశారు, మళ్ళీ పెట్టెను చూశారు. రెండింటి మీదా అవే అక్షరాలు!

"ఇదేమిట్రా?"

"ఈ కత్తి మన సింగన్న గడ్డాలు గీసే నాటుకత్తి ప్రభూ. పిడికి బెత్తపునార చుట్టి, పెట్టె మీది రాతను నిన్న కంసాలి చేత దాని మీద చెక్కించాను" అన్నాడు చెన్నప్ప.

"పాపం ఆ మహాశిల్పి, కత్తులకు గిరాకీ లేక అగ్గిపుల్లలు చేసుకుని బతుకుతున్నట్టున్నాడు!"

సభ గొల్లుమంది. రాజావారికి నవ్వుతో పొగ అడ్డం పడింది. దగ్గు తగ్గాక, బీరువాలోని కత్తిని తెప్పించి తొలిసారిగా తన కళ్ళతో చూశారు. వెలుతురుకు ఏటవాలుగా పట్టగానే, అరిగిపోయిన అక్షరాల జాడ సన్నగా కనబడింది.

"సింగన్నా, నీ మాన్యం నీదే. ఇక ఇటుకపొడి ముట్టుకోకు" అన్నారు, కాస్త సిగ్గుపడుతూ. "చెన్నా, ఈ ఉంగరం నీది. పంతులూ, శాలువ!"

పంతులుగారు పళ్ళు కొరుకుతూ శాలువ కప్పారు. చెన్నప్ప దాని అంచు పట్టుకుని, ఎంతో వినయంగా ఆయన చెవి దగ్గర పెట్టాడు.

"ఇది అసలు కాశ్మీరుదేనా పంతులుగారూ? కాస్త మీటి చెప్పండి!"