పలేసా గోడ తడిసిన రోజు

అడగందే అమ్మయినా పెట్టదంటారు. లెసోతో కొండల్లో ఒక పల్లెలో మాసెచాబా అని ఒక పెద్దావిడ ఉండేది, ఆవిడ అడిగినా పెట్టేది కాదు. ఎవరైనా ప్రశ్న వేస్తే జవాబుకు బదులు పని పెట్టేది. ఆవిడ శిష్యురాలు దిసేబో పట్నంలో మనస్తత్వశాస్త్రం చదువుకుంది. మనసు చితికినవాళ్లకు బొమ్మలతో ఊరట కలిగించే విద్యేదో ఈ పల్లెలో ఉందని విని, నేర్చుకుందామని వచ్చింది. వచ్చిన నాటినుంచీ ఆమెది ఒకటే ప్రశ్న.

"అమ్మా, ఒక మనిషి మనసు కుదుటపడిందని మీకెలా తెలుస్తుంది?"

"ఆ పేడ గంప ఇలా తీసుకురా," అనేది మాసెచాబా.

పేడతో పనేమిటంటే, మన ఆడవాళ్లు వాకిట్లో ముగ్గులేసినట్టు అక్కడివాళ్లు ఇంటి గోడల మీద వేస్తారు. మట్టీ పేడా పిసికి గోడ అలికి, తడి ఆరకముందే వేళ్లతోనో ఫోర్కుతోనో చాళ్లు గీస్తారు. అచ్చం దున్నిన పొలంలా కనిపిస్తుంది గోడ. ఆపైన ఎర్రమన్నూ బూడిదా మసీ పూస్తారు. కాలం చేసిన తమ పెద్దలకు, వానలు పంపించమని పెట్టుకునే మొర అది. ఈ సంగతి దిసేబోకు తెలియకపోలేదు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకునేంత బాగా తెలుసు.

మాసెచాబా చేసిందల్లా భర్త పోయినవాళ్లనూ, తల్లీతండ్రీ లేని పిల్లలనూ, జబ్బులతో నలిగినవాళ్లనూ ఒకచోటికి పిలిచి, వారానికొకరి గోడ అందరిచేతా అలికించడం. నీ కష్టమేమిటని ఎవరినీ అడిగేది కాదు. చేతులు మట్టిలో ఉంటే నోరు దానంతటదే తెరుచుకుంటుందని ఆవిడ నమ్మకం. తెరుచుకోకపోతే పోనీ, గోడయినా బాగుపడుతుంది కదా అనేది.

వాళ్లలో పలేసా అనే ఆమె నోరు మాత్రం తెరుచుకోలేదు. పరాయి దేశపు గనిలో పనికి పోయిన భర్త అక్కడే కన్నుమూశాడన్న కబురు వచ్చిన రోజు మాట మానేసింది. పొలం బీడు పడింది. జొన్న విత్తనాల కుండ మూత తీసిన పాపాన పోలేదు. ఈ యేడూ విత్తకపోతే పిల్లల్ని తమ ఊరు తీసుకుపోతామని అత్తింటివాళ్లు తేల్చి చెప్పేశారు. అందుకూ ఆమె తల ఊపి ఊరుకుంది. పిలిచిన చోటికి వచ్చేది, ఎవరి గోడకైనా మట్టి పిసికేది, వెళ్లిపోయేది.

అలాంటి మనిషి ఒకనాడు తన గోడ తనే అలికింది. పిల్లలు ఎర్రమన్ను అందిస్తుంటే పైనుంచి కిందికి చాళ్లు గీసింది. గీతలు కొంచెం వంకరపోయాయి గానీ, దిసేబోకు అంతకన్నా అందమైన గోడ లోకంలో కనిపించలేదు. చూసి కళ్లనీళ్లు పెట్టుకుంది.

వారం తిరక్కముందే కొండల వెనకనుంచి నల్లటి మబ్బు లేచింది. కరువుతో ఎండిపోయిన పల్లెంతా బయటికొచ్చి ఈలలు వేస్తుంటే, దిసేబో ఒక్కతే పలేసా గోడ వైపు చూసింది. ఇన్నాళ్లకు ఆ ఇల్లాలు చేసుకున్న ఒక్క పని కళ్లముందే కరిగిపోతే, మళ్లీ ఎవరు లేపగలరు ఆమెను? పరుగున పోయి దుకాణంలో మొక్కజొన్న బస్తాల మీద కప్పే టార్పాలిన్ పట్టా అడిగి తెచ్చింది. పలేసా ఊట దగ్గరికి నీళ్లకు పోయి ఉంది. దిసేబో పట్టా అంచును ఇంటికప్పు మీదికి లాగి రాళ్లెత్తింది, తాళ్లు బిగించింది. వాన దిగింది. గాలికి ఎగిరిపోతున్న మూలను పట్టుకుని నిలువునా తడుస్తూ నిలబడింది.

"ఎవరది, నా గోడకు ముసుగేసింది?"

ఆ గొంతు ఎవరిదో దిసేబోకు తెలియలేదు. అంతకుముందు ఎప్పుడైనా వింటే కదా! తిరిగి చూస్తే నీళ్ల బకెట్ దారిలోనే వదిలేసి పలేసా పరిగెత్తుకొస్తోంది.

"నేనే అక్కా. బొమ్మ కరిగిపోతుందని..."

"కరగడానికే కదే వేసింది! రమ్మని నేను పిలిస్తే, గుమ్మం దాకా వచ్చిన వానకు నువ్వు తలుపేస్తావా? ఇదేనా మీ పట్నంలో మర్యాద?" పలేసా తాడు పట్టి గుంజింది. "ఇప్పుడు ఆ పెద్దల్లో నా మనిషి కూడా ఉన్నాడు. నా మాట విన్నాడు పిల్లా, విన్నాడు!"

పట్టా ఊడి, దాని మడతలో నిలిచిన నీళ్లన్నీ దిసేబో నెత్తిన పడ్డాయి. పిల్లలు పగలబడి నవ్వారు. వాళ్లను చూసి పలేసా కూడా నవ్వింది, ఏడుస్తూనే నవ్వింది. గోడమీది ఎర్రమన్ను చాళ్ల వెంట జారి వాళ్ల పాదాల మీదుగా పొలం వైపు పారింది. "విత్తనాల కుండ బయటపెట్టండర్రా!" అని పిల్లల మీద కేకేసి, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఎడ్ల కోసం పురమాయిస్తూ ఆమె వీధిలోకి నడిచింది.

దిసేబో జుట్టునిండా ఎర్రమన్నుతో గురువుగారింటికి వచ్చింది. మాసెచాబా చూరు కింద గిన్నెలు పెట్టి వాననీళ్లు పడుతోంది.

"మంచికి పోతే చెడ్డ ఎదురైందమ్మా."

"తిట్టిందా?"

"తిట్టింది."

"బాగా తిట్టిందా?"

"మా అమ్మ కూడా నన్నెప్పుడూ అంత బాగా తిట్టలేదు," అనేసరికి దిసేబోకు నవ్వాగలేదు.

"రోజూ ఏదో అడుగుతావు కదా. అడుగు, ఇవాళ తీరిగ్గానే ఉన్నాను."

దిసేబో నోరు తెరిచింది. దూరంగా పలేసా ఎవరితోనో నాగలి గురించి గొడవపడుతున్న గొంతు వినిపించింది. "ఇక అడగక్కర్లేదమ్మా," అంది.

"అయితే ఆ పట్టా దుకాణంలో ఇచ్చిరా," అంది మాసెచాబా, నిండిన గిన్నె పక్కకు జరుపుతూ. "వాన వెలిశాక ఆ గోడ మళ్లీ అలకాలి. ఈసారి పేడ తెమ్మని నీకు ఆమే చెబుతుంది."