తాయారు నడవని పద్నాలుగు కిలోమీటర్లు

శరభయ్య గారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. మంథనికి ఎగువన, గోదావరి ఒడ్డున ఆయనకొక రేకుల షెడ్డు ఉండేది. కరెంటు లైన్‌మన్‌గా ముప్పై ఏళ్లు అడవి లైన్ల వెంట తిరిగి, ఉద్యోగం అయిపోయాక నదుల వెంట తిరిగిన మనిషి. గోదావరి వెంట నెలల తరబడి నడిచేవాళ్లు దారిలో ఆ షెడ్డు దగ్గర ఒకటి రెండు రోజులు ఆగి, పాదాలకు నూనె రాసుకుని, మనసులో ఉన్న సందేహం ఆయన ముందు పెట్టేవారు. ఆయన చివరిదాకా విని, లేచి, చెప్పులు తొడుక్కునేవారు. అడిగినవాళ్లు వెంట నడవాల్సిందే. జవాబు ఎప్పుడు వస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరికీ తెలిసేది కాదు.

మంగతాయారు ఆ షెడ్డుకు వచ్చింది మాఘమాసంలో. యాభై దాటిన మనిషి. రాజోలు డిపోలో ఇరవై ఆరేళ్లు కండక్టరుగా చేసి, ఇన్నాళ్లూ బస్సులో నిలబడి తిరిగాను, ఇక నేల మీద నడుస్తాను అని గడువుకు ముందే ఉద్యోగం వదిలేసింది. అంతర్వేది దగ్గర సముద్రంలో కాళ్లు తడుపుకుని, గోదావరి పుట్టిన త్ర్యంబకం దాకా నదికి ఎదురు నడవాలని బయలుదేరింది. చీర మీద మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా, తలకు తువ్వాలు, కాళ్లకు కాన్వాసు బూట్లు, భుజాన పాత డ్యూటీ సంచి. ఎవరి అరుగు కనిపిస్తే అక్కడ పడుకునేది, ఎవరు ఏం పెడితే అది తినేది. మొక్కుకున్నావా, ఇంట్లో గొడవపడి వచ్చావా అని ఊరూరా అడిగేవారు. రెండూ కాదు, నడుస్తున్నాను, అంతే అనేది. ఒక్క నియమం మాత్రం పెట్టుకుంది. మూరెడు దూరమైనా సరే, ముందుకు పోవడానికి బండెక్కకూడదు.

ఆ నియమం పాపికొండల్లో తెగింది. అక్కడి అడవి దారిలో ఆమెకు మలేరియా తగిలింది. తాటిగొంది అనే పది ఇళ్ల ఊరి పొలిమేరలో కళ్లు తిరిగి పడిపోవడం ఒకటే గుర్తు. ఆ తరవాత కళ్లు తెరిచేసరికి జీపులో ఉంది. జీపు ఆసుపత్రి ముందు ఆగింది. వారం రోజులకు లేచి, ఆసుపత్రి గడప నుంచే మళ్లీ నడక మొదలుపెట్టింది. ఫోన్లో చూస్తే, తాను పడిన చోటి నుంచి ఆసుపత్రి దాకా రోడ్డు గీత ఉంది, పద్నాలుగు కిలోమీటర్లు. అంత దూరం జీపులో వచ్చానని లెక్క వేసుకుంది. అక్కడి నుంచి మంథని దాకా నడిచిన ప్రతి రోజూ ఆ పద్నాలుగూ చెప్పులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉన్నాయి. టికెట్టు లేకుండా ఒక్క స్టేజీ కూడా ఎవరినీ రానివ్వని మనిషి ఆమె.

“నేను గోదావరి మొత్తం నడిచానని రేపు చెప్పుకోవచ్చా, గురువు గారూ?” అని అడిగింది తాయారు. జ్వరంలో జరిగింది ఎవరూ తప్పు పట్టరని తమ్ముడు ఫోన్లో అన్నాడట. షెడ్డులో బస చేసిన మరో ఇద్దరు నడకవాళ్లు, ఇంత దూరంలో పద్నాలుగెంత అని నవ్వేశారు. పైగా వెనక్కి వెళ్లి రావాలంటే పది రోజులు పోతాయి. అవతల మహారాష్ట్రలో ఎండలు ముదిరిపోతాయి. ఆ ఎండల్లో నడక మధ్యలోనే ఆగిపోవచ్చు. అదంతా తానే చెప్పి, తానే తల అడ్డంగా ఊపింది. చూసినవాళ్లు లేకపోవచ్చు గానీ తనకు తెలుసు కదా అంది.

శరభయ్య గారు ఎక్కడ పడ్డవని ఒక్కటే అడిగారు. ఆమె ఊరి పేరు చెప్పింది. ఆయన చెప్పులు తొడుక్కున్నారు. ఏటి గట్టున ఓ మైలు నడిపించి మాట్లాడతారనుకుని తాయారు వెంట వెళ్లింది. ఆయన గట్టు ఎక్కకుండా బస్టాండు వైపు తిరిగారు.

రెండు బస్సులు మారి, చివరికి ఒక పడవలో తాటిగొంది రేవుకు చేరేసరికి మూడో రోజు పొద్దెక్కింది. రేవు నుంచి తాను పడిపోయిన చోటును తాయారు వెతికి పట్టుకుంది. అక్కడ కాలు పెట్టి, ఇక్కడి నుంచి మొదలు అనుకుని నడవబోయింది. అంతలో కట్టెల మోపుతో వస్తున్న ఒక కొండరెడ్డి తెగ ఆడమనిషి ఆమె చొక్కా చూసి ఆగింది. పేరు చిన్నమ్మి.

“బతికావా అమ్మా,” అంది చిన్నమ్మి, మోపు దించకుండానే.

తాయారు ఆమెకు చేతులెత్తి దణ్ణం పెట్టి, ఆ రోజు నన్ను జీపెక్కించిన పుణ్యం మీదే అంది. చిన్నమ్మికి ఆ మాట అర్థం కాలేదు. ఊరికి రోడ్డు కాగితం మీద పడిందే గానీ కొండ మీద పడలేదని, జీపు రావాలంటే అవతలి కొండ దిగాక పెద్ద రోడ్డు తగలాలని, ఇక్కడి నుంచి అక్కడికి కాళ్లు తప్ప ఏదీ పోదని చెప్పింది. ఆ రోజు ఊళ్లోవాళ్లు దుప్పటిని వెదురు బొంగుకు డోలీ కట్టి, ఎనిమిది మంది వంతులు వేసుకుని మోశారు. తెల్లవారి బయలుదేరితే పొద్దు వాలే వేళకు రోడ్డు చేరారు. అక్కడ అడ్డం నిలబడి ఆపిన జీపు ఆసుపత్రి దాకా తీసుకుపోయింది ఒక్క కిలోమీటరే.

“డోలీ దించితే హోల్డాన్ అనేదానివి, ఎత్తితే రైట్ రైట్ అనేదానివి. జ్వరంలో ఏ దేవుణ్ణి పిలుస్తున్నావో అనుకున్నాం,” అంది చిన్నమ్మి.

తాయారు నవ్వబోయింది, నవ్వు రాలేదు. మోసినవాళ్లను చూడాలని ఊళ్లోకి వెళ్లింది. ఎక్కువ మంది వెదురు కొట్టడానికి పోయారు. గంగిరెడ్డి ఒక్కడే ఇంటి ముందు తట్ట అల్లుకుంటున్నాడు. నలభై ఏళ్ల మనిషి. వాగు రాళ్ల మీద డోలీతో జారి, అతని మడమ బెణికింది. ఇరవై రోజులు మంచం దిగలేదు. ఇంకా కొంచెం కుంటుతున్నాడు. తాయారు అతని ఎదుట కూర్చుని మడమ వైపు చూస్తుంటే సిగ్గుపడి కాలు వెనక్కి లాక్కున్నాడు. మానిపోయిందమ్మా అన్నాడు. ఆమె ఎందుకు వచ్చిందో విని, దారి తప్పిపోతారు, నేను చూపిస్తా అని కత్తి తీసుకుని లేచాడు. వద్దని తాయారు ఎంత చెప్పినా వినలేదు.

ఆమె పడిన చోటి నుంచే నడక మొదలైంది. ముందు గంగిరెడ్డి, వెనక తాయారు, ఆ వెనక శరభయ్య గారు. మొదటి ఎక్కుడులోనే తాయారుకు ఊపిరి అందలేదు. భుజాన సంచి తప్ప బరువు లేదు, ఒంట్లో జ్వరం లేదు, అయినా వేర్లు పట్టుకుని పాకాల్సి వచ్చింది. ఇదే ఎక్కుడును తన ఒంటి బరువు మోస్తూ వాళ్లు ఎట్లా ఎక్కారో ఆమె ఊహకు అందలేదు. అక్కడక్కడ గంగిరెడ్డి కత్తితో చూపించి, ఇక్కడ దించాం అనేవాడు. అన్నప్పుడల్లా తాయారు ఆగి ఆ నేల వంక చూసేది, మళ్లీ కదిలేది. కూర్చుందామని ఆమె అనలేదు. తొడల మీద చేతులు ఆనించుకుని మరీ ఎక్కింది.

కొండ నెత్తిన ఒక బండ దగ్గర గంగిరెడ్డి ఎక్కువసేపు ఆగాడు. అక్కడికి వచ్చేసరికి ఆమె పలుకు ఆగిపోయిందట. తోడు వచ్చిన చిన్నమ్మి ఆమె గుండె మీద చెవి పెట్టి విని, ఏమీ చెప్పలేక లేచిందట. పోయిన మనిషిని మోసుకుపోయి పట్నం వాళ్లకు ఏం సమాధానం చెబుతాం, వెనక్కి తిప్పుదామని ఇద్దరు ముగ్గురు అన్నారట.

“మరి మీరేమన్నారు?” అని అడిగింది తాయారు.

“ఊపిరి ఉందో లేదో రోడ్డు మీద చూద్దాం, ముందు ఎత్తండి అన్నాను,” అని గంగిరెడ్డి దిగుడులోకి దారి తీశాడు.

తాయారు బండ దగ్గరే నిలబడిపోయింది. శరభయ్య గారు వచ్చి పక్కన నిలబడ్డారు. కొంతసేపటికి ఆమె తువ్వాలుతో ముఖం తుడుచుకుని, బూటు తాళ్లు బిగించుకుని, కుంటుతూ దిగుతున్న మనిషి వెనక దిగింది. దిగుడులో రెండుసార్లు జారింది. రెండుసార్లూ గంగిరెడ్డి చెయ్యి అందించబోతే, ఈ ఒక్కసారికి వదిలెయ్యండి, నేనే దిగుతాను అని బతిమాలుకుంది.

పొద్దు కొండల మీదికి వాలే వేళకు పెద్ద రోడ్డు తగిలింది. ఆ రాత్రికి రోడ్డు పక్క ఊళ్లో చుట్టాలింట్లో ఉండి పొద్దున్నే వెళ్లిపోతానని గంగిరెడ్డి అక్కడ విడిపోయాడు. తాయారు అతను కనపడినంతసేపూ చూసి, రోడ్డు వెంట మిగిలిన ఆ ఒక్క కిలోమీటరూ నడిచి, ఆసుపత్రి గడప మీద కాలు మోపింది. అప్పుడు గాని కూర్చోలేదు. బూట్లు విప్పితే మేజోళ్లు నెత్తురుతో అంటుకుపోయి ఉన్నాయి. మంథని దాకా బస్సులో వెళ్లి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెడతాను, ఎండలు వస్తే తెల్లవారుజామునే లేచి నడుస్తాను అంది. ఆ మాటలో సందేహం లేదు. కానీ ఒక చిన్న బాధ మిగిలినట్టుంది. వేళ్లు తుడుచుకుంటూ మెల్లగా అంది.

“ఇవాళ నడిచాను, నిజమే. కానీ ఆ రోజు మాత్రం నేను పరాయివాళ్ల కాళ్ల మీద వచ్చాను, గురువు గారూ. అంతర్వేది నుంచి ఇక్కడిదాకా అట్లా వచ్చిన దూరం ఇదొక్కటే.”

శరభయ్య గారు ఆమె బూట్లు తీసి గోడకు ఆనించి పెట్టారు.

“ఎన్ని అరుగుల మీద పడుకున్నవు, ఎందరు పెట్టింది తిన్నవు? ఇదొక్కటేనా, బిడ్డా?” అన్నారు.