గీకకుండా పూసిన కొండ

ఒకప్పుడు, అంటే ఆషాఢ బహుళ విదియ, బుధవారం. పొద్దున ఎండ చుర్రుమంది, మధ్యాహ్నం గాలిదుమారం లేచింది, సాయంత్రం నాలుగు చినుకులు రాలి ఉక్కపోత మిగిలింది. అప్పటికి పంచాంగం పుట్టలేదనుకోండి. అయినా తేదీ చెప్పకపోతే మీరు నమ్మరని నాకు తెలుసు.

ఆ రోజుల్లో కొండలన్నిటిదీ ఒకటే రంగు, తోమని మూకుడు రంగు. చూసి చూసి భూదేవమ్మకు విసుగొచ్చింది. కొడుకులు నలుగురినీ పిలిచింది. పెద్దవాడు నల్లన్న, బురద. రెండోవాడు తెల్లన్న, సున్నం. మూడోవాడు పచ్చన్న, ఇసుక. ఆఖరివాడు ఎర్రన్న, దుమ్ము.

"ఒరేయ్, ఈ కొండకు రంగేయండి. ఎవడి రంగు నిలిస్తే కొండ వాడిది. కానీ ముందున్న పూత శుభ్రంగా గీకి, ఆ తర్వాతే కొత్తది పూయాలి. తెలిసిందా?"

"తెలిసిందమ్మా," అన్నారు నలుగురూ. అంత తొందరగా తెలిసిందంటే వినలేదని అర్థం.

మొదట నల్లన్న పూశాడు. తర్వాత తెల్లన్న వచ్చాడు. గీకాలంటే చేతులు నొప్పి, కళ్లలో నలుసులు. "పైన దట్టంగా పూసేస్తే కింద ఏముందో ఎవడు చూడొచ్చాడు?" అనుకుని అన్న నెత్తిమీదే పూసేశాడు.

"ఒరేయ్, నేనింకా ఇక్కడే ఉన్నా!" అని అరిచాడు నల్లన్న.

"ఉండన్నా, ఎవరొద్దన్నారు? కనపడకుండా ఉండు."

పచ్చన్న వచ్చి తెల్లన్నకు అదే మర్యాద చేశాడు. మా పంచాయతీ ఆఫీసు గోడా అంతే. గెలిచినవాడల్లా తన రంగు కొట్టిస్తాడు. ఓ పెచ్చు ఊడిందంటే చాలు, ఓడినవాళ్లంతా వరసగా బయటికొస్తారు. సరే, కొండ దగ్గరికి పోదాం.

ఆఖరున ఎర్రన్న అందరి మీదా పరుచుకుని, కాలు మీద కాలేసుకున్నాడు. "ఇక నా పైన ఎవడూ లేడు!"

వీళ్లకో చెల్లెలుంది, వంకమ్మ. సన్నటి నీటిపాయ. ఆమె సముద్రానికి పోవాలి, కొండేమో అడ్డం. కొండ పక్కన మడుగులో చిక్కుకుని, ఎండకు నానాటికీ తగ్గిపోతోంది.

"ఎర్రన్నా, కాస్త దారివ్వు. ఇక్కడే ఉంటే ఇంకిపోతాను."

"దారా? కొత్త రంగమ్మా ఇది! తడి తగిలితే మరకలు పడవూ? చుట్టూ తిరిగి పో."

"అంత దూరం పోలేను. సగం దారిలోనే ఆవిరైపోతాను."

"ఆడపిల్లవి, సర్దుకుపోవాలి తల్లీ," అన్నాడు ఎర్రన్న. ఇలాంటి సలహాలు ఇచ్చేవాళ్లు ఎప్పుడూ ఎత్తులోనే కూర్చుని ఉంటారు.

వంకమ్మ సర్దుకోలేదు. వానలు పడేదాకా ఓపిక పట్టింది. మడుగు నిండి, పొంగి, కొండెక్కింది.

"అమ్మ గీకమంది. మీరు గీకలేదు. నేను గీకుతా!"

కింద ఉన్న ముగ్గురూ పైవాళ్ల బరువుకు నలిగి నలిగి ఎప్పుడో రాయైపోయారు. ఎర్రన్న మీద మాత్రం ఎవరూ లేరు. పాపం, దుమ్ము దుమ్ముగానే ఉన్నాడు. చెల్లెలు తాకగానే, "నా కొండ! నా కొండ!" అంటూ కరిగి జారిపోయాడు.

తర్వాత పచ్చన్నను కోసింది. తెల్లన్నను కోసింది. నల్లన్న దాకా దిగింది. ఎన్ని యుగాలు పట్టిందో ఎవరూ చూడలేదు. కొండ నిలువునా చీలి, దాక్కున్న అన్నదమ్ములంతా బయటపడ్డారు.

భూదేవమ్మ వచ్చి చూసింది. "గీకమన్నానా, లేదా?"

"చేతులు నొప్పులమ్మా," అన్నాయి మూడు రాళ్లూ.

ఆమె నెత్తి కొట్టుకుంది. "సరే ఏడవండి. ఎవడు ఎంత పట్టుకుని నిలిస్తే అంత వాడిది. కోసినంత పిల్లది."

అప్పటినుంచే కొండ గోడలు పొరలు పొరలుగా, రంగురంగులుగా కనిపిస్తున్నాయి. అడుగు పొర నల్లన్నది. నడిమిది తెల్లన్నది. పైది పచ్చన్నది. నడుమనున్న లోయా, సముద్రం దాకా దారీ వంకమ్మవి. ఎర్రన్న వానాకాలంలో చెల్లెలి నీళ్లలో ఎర్రగా కొట్టుకుపోతూ కనిపిస్తాడు. వాడికేమీ రాలేదు.