తాడు పట్టినవాడే పేరు పెట్టాలి

మడకశిర వైపు రాళ్లెక్కేవాళ్ల సంఘం ఒకటుంది. ఉద్యోగస్థులు, దుకాణదారులు, డ్రైవర్లు అందులో సభ్యులు. ఆదివారం తెల్లవారగానే తాళ్లు భుజాన వేసుకుని బండల దగ్గర చేరతారు. వాళ్లకు గురువు తిప్పేస్వామి. ముప్పై ఏళ్లు రాతి క్వారీలో మేస్త్రీగా పనిచేసిన మనిషి కనుక అందరూ ఆయనను మేస్త్రీ అనే పిలుస్తారు. ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఎవరూ ఎక్కని బండను ఎవరైనా మొదటిసారి ఎక్కితే, ఆ దారికి పేరు పెట్టే హక్కు ఎక్కినవాడిది కాదు. కింద నిలబడి తాడు పట్టినవాడిది.

ఈ కట్టుబాటు ఓబుళపతికి గిట్టలేదు. సంఘంలో అతన్ని మించి ఎక్కేవాడు లేడు. ఎద్దుమూపు బండ మీద ఎనిమిది ఆదివారాలు ప్రయత్నించి, ఎనిమిదిసార్లూ పైన ఉబ్బెత్తుగా ముందుకు వచ్చిన మూపు దగ్గరే జారాడు. తొమ్మిదోసారికి సిద్ధమై వచ్చిన రోజున, నడుముకు తాడు కట్టుకుంటూ అడిగాడు.

“వేళ్లు చీలేది నాకు. ప్రాణం పోతే నాది. కింద నిలబడినోడు పేరు పెట్టేదేంది మేస్త్రీ?”

“ఆ ముడి విప్పు,” అన్నాడు మేస్త్రీ. “ఈ పొద్దు దిల్షాదు ఎక్కుతాది. నువ్వు తాడు పట్టు.”

దిల్షాదు బస్సు కండక్టరు. సంఘంలో చేరి రెండేళ్లయింది. ఓబుళపతి ముఖం నల్లబడింది. ఆమె ఎక్కితే మొదట ఎక్కిన కీర్తి ఆమెది. ఎక్కలేకపోతే వచ్చే ఆదివారం వంతు మళ్లీ తనది. అతని మనసు ఏది కోరుకుందో చెప్పనక్కరలేదు. కోరిక తప్పు అని తెలిసినా మనిషి దాన్ని వెంటనే వదలడు.

వెనుక దారిన పైకి పోయి, తాడుకు వేలాడి, మేస్త్రీ ఆ బండకు ముందే ఇనుప రింగులు కొట్టి ఉంచాడు. ఎక్కేవాళ్లు ఒక్కొక్క రింగు దగ్గరికి చేరి, నడుము తాడును చేత్తో లాగి దానికి తగిలించుకోవాలి. ఆ క్షణంలో కిందివాడు తాడును కొంచెం వదులుగా ఇవ్వాలి. జారితే బిగబట్టాలి. ఏది తారుమారైనా దెబ్బ తగిలేది పైవాళ్లకు.

“కండక్టరమ్మా, ఎన్ని స్టాపులు?” అని ఒక సభ్యుడు అడిగాడు.

“పైన ఒకటే. నడుమ దిగేది ల్యా,” అని ఆమె మొదలుపెట్టింది.

మూడు రింగులు చకచకా దాటింది. నాలుగోది మూపుకు కొంచెం కింద ఉంది. అక్కడ ఒంటిచేత్తో వేలాడుతూ తాడు లాగింది. తాడు రాలేదు. ఓబుళపతి బిగించి పట్టుకుని ఉన్నాడు. అది జాగ్రత్త అని అతడు అనుకున్నాడు గానీ, అతని చూపు ఆమె మీద లేదు. తాను ఎప్పుడూ జారే చోటి మీద ఉంది. ఆ గుంజుడుకు ఆమె పట్టు తప్పింది. ఇద్దరు మనుషుల ఎత్తు కిందికి పడి తాడుకు వేలాడింది. మోచేయి గీసుకుపోయింది.

“నడుమ స్టాపు లేదంటివే,” అని ఎవరో నవ్వారు.

ఆమె నవ్వలేదు. “నేను జారల్యా ఓబుళన్నా. నువ్వు లాగినావు.”

ఓబుళపతికి కోపం రావలసింది. మాట నిజం కనుక రాలేదు. తాను ఎక్కిన ఎనిమిదిసార్లలో ఒక్కసారైనా చేతికి తాడు అందకుండా పోలేదు. అప్పుడు తాడు పట్టింది ఎవరెవరో కూడా అతనికి సరిగా గుర్తు లేదు.

ఆమెను మెల్లగా నేలకు దించాడు. నడుమ జారితే మళ్లీ నేల నుంచే ఎక్కాలి, అది నియమం. “తప్పు నాది,” అన్నాడు అందరూ వినేటట్టు. “ఎండ ముదిరితే రాయి కాలుతుంది, వేళ్లు నిలవవు. ఇప్పుడే ఇంకొకసారి పో దిల్షాదూ.”

ఈసారి అతడు బండను చూడలేదు. ఆమె భుజాన్ని చూశాడు. భుజం కదిలిన తరువాతనే చేయి నడుముకు వస్తుందని రెండో రింగు దగ్గర కనిపెట్టాడు. నాలుగో రింగు దగ్గర చేయి రాకముందే రెండు మూరల తాడు వదిలాడు. తాడు సులువుగా రింగుకు తగిలింది.

ఇక మూపు మిగిలింది. దిల్షాదు అక్కడ ఆగిపోయింది. కాలు పెట్టడానికి చోటు కనిపించలేదు. ఎనిమిదోసారి జారుతున్నప్పుడు ఓబుళపతి అక్కడ కాలు ఆనే చోటు ఒకటి కనిపెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిదోసారికి దాచుకున్నాడు.

“కుడికాలు మోకాలెత్తుకు తే,” అన్నాడు. “నీకు కనపడదు. గోరంత అంచు ఉండాది. నమ్మి నిలబడు. తాడు నాకాడ ఉంది.”

ఆమె కాలు రాతిని తడిమింది, ఆనింది, లేచింది. ఒక చేయి మూపు మీదికి పోయింది, రెండోది పోయింది. తరువాత ఎద్దుమూపు బండ మీద, అంతవరకు ఎవరూ ఎక్కిరాని అంచున, ఒక మనిషి ఆకాశానికి ఎదురుగా నిలబడింది.

కింద ఉన్న పద్నాలుగుమంది ఈలలు వేశారు. నవ్విన మనిషే అందరికంటే గట్టిగా వేశాడు. ఓబుళపతి వేయలేదు, అతని రెండు చేతులూ తాడు మీదనే ఉన్నాయి. కళ్ల నుంచి కారినది మీసాల్లోకి దిగుతుంటే తుడుచుకోలేక నవ్వుతున్నాడు. తాను నెగ్గిన ఏ బండ మీదా అతడు అట్లా నవ్వలేదు.

“ఓబుళన్నా, ఏం పేరు?” అని పైనుంచి దిల్షాదు అడిగింది.

అతడు నోరు తెరిచాడు. ఎనిమిది ఆదివారాలుగా మనసులో అనుకున్న పేరు ఒక్కటీ నాలుకకు రాలేదు.

“ఏమీ తోచల్యా మేస్త్రీ,” అన్నాడు.

“తోచకపోతే పోనీ,” అన్నాడు మేస్త్రీ. “ముందు మనిషిని దించు.”